బానిసత్వాన్ని రద్దు చేసింది క్రైస్తవ్యమేనా?

లోక చరిత్రకు క్రైస్తవ్యం ఏమిచ్చింది అని ఎవరైనా అడిగితే మన వేదికల మీద తడుముకోకుండా వచ్చే జవాబులు కొన్ని ఉన్నాయి. బడులు, ఆసుపత్రులు, ఆ వెంటనే బానిసత్వ నిర్మూలన. విల్బర్‌ఫోర్స్ పేరు, 1807 చట్టం మన యువజన కూటాల్లో చాలామందికి తెలుసు. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. బానిసలను కొన్నవారు కూడా ఆదివారం ఆరాధనకు వెళ్లినవారే, వాక్యం విన్నవారే. ఒకచోటైతే యజమాని మిషన్ సంస్థే.

1701లో ఇంగ్లండులో ఆంగ్లికన్ సంఘస్థులు విదేశాల్లో సువార్త ప్రకటించడానికి ఒక సొసైటీని ప్రారంభించారు. దాన్నే ఎస్.పి.జి. అంటారు. రాయలసీమ పాఠకులకు ఈ పేరు కొత్త కాదు. 19వ శతాబ్దంలో ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాల్లో సేవ చేసింది ఈ మిషనే. 1710లో క్రిస్టఫర్ కోడ్రింగ్‌టన్ అనే భూస్వామి చనిపోతూ బార్బడోస్ దీవిలోని తన చెరకు తోటలను, వాటిలోని బానిసలతో సహా, ఈ సొసైటీకి వీలునామా రాసిచ్చాడు. సొసైటీ కాదనలేదు. తోటను అందరు యజమానుల లాగానే నడిపింది. తొలి సంవత్సరాల్లో అక్కడి బానిసల రొమ్ము మీద ఇనుప ముద్ర కాల్చి వాత పెట్టేవారు. ఆ ముద్రలో ఉన్న మాట ‘సొసైటీ’.

1783లో బీల్బీ పోర్టియస్ అనే బిషప్పు అదే సొసైటీ వార్షికోత్సవంలో ప్రసంగిస్తూ ఆ బానిసల స్థితి బాగుచేయమని అడిగాడు. ఆయన ప్రతిపాదనను సొసైటీ తోసిపుచ్చింది. ఆయన మాత్రం ఊరుకోలేదు, నీగ్రో బానిసలకు సువార్త అందించడానికి వేరే సంస్థ స్థాపించాడు. 1807లో ఆ సంస్థ పక్షాన ఒక బైబిలు అచ్చయింది. బైబిలులో ఉన్న 1,189 అధ్యాయాల్లో అందులో ఉంచినవి 232. యోసేపు కథ ఉంది, యజమానికి నమ్మకంగా పనిచేసిన బానిస కదా! మోషే ఫరో ఎదుట నిలబడటం, ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి వెళ్లడం లేవు. మనిషిని దొంగిలించి అమ్మేవాడికి మరణశిక్ష విధించే నిర్గమకాండము 21:16 లేదు. క్రీస్తునందు దాసుడని, స్వతంత్రుడని తేడా లేదనే గలతీయులకు 3:28 లేదు. దాసులు యజమానులకు లోబడాలనే ఎఫెసీయులకు 6:5 మాత్రం భద్రంగా ఉంది. దయగల మనుషుల చేతుల మీదుగానే ఇది జరిగిందన్నది మనం మరచిపోకూడదు.

మరి మార్పు ఎక్కడి నుండి వచ్చింది? ఆలోచన పాతదే. నాలుగో శతాబ్దంలోనే నిస్సా గ్రెగొరీ ప్రసంగి గ్రంథం మీద బోధిస్తూ, దేవుని స్వరూపంలో ఉన్న మనిషికి వెల కట్టగలిగేదెవరని నిలదీశాడు. వందల ఏళ్లు ఆ మాటను పట్టించుకున్నవారు కొద్దిమందే. 1688లో అమెరికాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు తమ క్వేకర్ సంఘానికి బానిసత్వాన్ని ఖండిస్తూ పత్రం రాసిచ్చారు. పెద్దలు దాన్ని పక్కన పెట్టారు. ‘అమేజింగ్ గ్రేస్’ రాసిన జాన్ న్యూటన్ సంగతే చూడండి. 1748లో తుఫానులో దేవునికి మొరపెట్టిన తరువాత కూడా ఆయన బానిసల ఓడలకు కెప్టెనుగా పనిచేశాడు. 1754లో అనారోగ్యం వల్ల ఆ పని మానేశాడు. ఆ వ్యాపారాన్ని బహిరంగంగా ఖండిస్తూ పుస్తకం తెచ్చింది 1788లో.

ఆ ముందటి సంవత్సరమే లండన్‌లో 12 మంది కూర్చుని ఒక కమిటీ వేసుకున్నారు. అందులో 9 మంది క్వేకర్లు. వాళ్ల శాఖవారికి పార్లమెంటులో ప్రవేశమే లేదు. అందుకే విల్బర్‌ఫోర్స్ అవసరమయ్యాడు. ఇళ్లలో ఆడవాళ్లు బానిసల చెమటతో వచ్చే చక్కెరను మానేశారు. 1792లో పార్లమెంటుకు 519 వినతిపత్రాలు చేరాయి. అయినా 1807 చట్టం ఆపింది బానిసల వ్యాపారాన్ని, బానిసత్వాన్ని కాదు.

మిగిలిన పని చేసినవారిలో బానిసలే ముందున్నారు. మన ప్రసంగాల్లో శామ్యూల్ షార్ప్ పేరు వినిపించడం అరుదు. ఆయన జమైకాలో బానిస, బాప్టిస్టు సంఘంలో డీకను. చదువు వచ్చినవాడు గనుక పూర్తి బైబిలే చదివాడు. ఇద్దరు యజమానులకు దాసునిగా ఉండటం కుదరదన్న ప్రభువు మాటను ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. 1831 క్రిస్మస్ తరువాత కూలి ఇవ్వకపోతే పనిలోకి వెళ్లవద్దని తోటివారిని కూడగట్టాడు. అది తిరుగుబాటుగా మారింది. తోటలు తగలబడ్డాయి. వందలమంది బానిసలను చంపారు. తోటల యజమానులు బాప్టిస్టు, మెథడిస్టు ప్రార్థనాలయాలను కాల్చేశారు. 1832 మే 23న షార్ప్‌ను ఉరితీశారు. మిషనరీ విలియం నిబ్ ఇంగ్లండు వెళ్లి పార్లమెంటు కమిటీల ముందు సాక్ష్యమిచ్చాడు. మరుసటి ఏడాదే బానిసత్వ రద్దు చట్టం వచ్చింది.

ఆ చట్టం 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం కేటాయించింది, బానిసలకు కాదు, యజమానులకు. 411 మంది బానిసలకు గాను సొసైటీకి 8,823 పౌండ్లు ముట్టాయి. ఈస్టిండియా కంపెనీ ప్రాంతాలకు ఆ చట్టం వర్తించలేదు, మన దేశం 1843 వరకు ఆగాల్సి వచ్చింది. ఈలోగా చెరకు తోటలకు మనుషులు కావాల్సి వచ్చారు. కోరంగి రేవు నుండి మారిషస్‌కు ఓడలెక్కిన మన తెలుగు కూలీలు అలా వెళ్లినవారే. చాలాకాలం అక్కడ తెలుగువాళ్లను ‘కొరంగీలు’ అనే పిలిచారు.

2006 ఫిబ్రవరిలో ఇంగ్లండు సంఘపు జనరల్ సినడ్ ఈ పాపంలో తమ పాత్రకు క్షమాపణ చెప్పింది. ఆలస్యమైనా చెప్పింది.

ఇక మన సంగతి. గలతీయులకు 3:28 మన బైబిళ్లలో ఎవరూ తీసేయలేదు, సండే స్కూలు పిల్లలు కూడా అప్పజెబుతారు. అయినా పెళ్లి సంబంధం మాట రాగానే మొదట అడిగే ప్రశ్న ఏమిటో మనందరికీ తెలుసు. క్రైస్తవ వివాహ ప్రకటనల్లోనూ కులం పేరు కనబడుతూనే ఉంది.

వచ్చే నెల గృహకూటాల్లో ఫిలేమోనుకు రాసిన పత్రికను మొత్తంగా చదవమని సంఘ పెద్దలను కోరుతున్నాం. 25 వచనాలే. పౌలు ఒనేసిమును తిరిగి పంపాడని బానిస యజమానులు దాన్ని చూపించారు, దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమన్నాడని ఉద్యమకారులు అదే పత్రికను చూపించారు. రెండో వచనం దగ్గర కాసేపు ఆగండి. ఆ ఉత్తరం ఫిలేమోను ఒక్కడికే రాసింది కాదు, అతని ఇంట్లో కూడుకునే సంఘానికి కూడా.