‘ఆబ్లాంగ్’ అను పదము: వ్యుత్పత్తి, అర్థము

ఆంగ్లమున నిడుపుగా సాగిన ఆకారములను చెప్పు మాటలలో ‘ఆబ్లాంగ్’ ఒకటి. తెలుగున దీనిని ‘దీర్ఘచతురస్రము’ అని అనువదించుట పరిపాటి. కాని ఆ పదము పుట్టుకను పరిశీలించినచో అందు చతురస్ర ప్రసక్తియే కానరాదు.

లాటిను భాషలోని ‘ఆబ్లాంగుస్’ దీనికి మూలము. ‘లాంగుస్’ అనగా పొడవైనది. ‘ఆబ్’ అనునది ‘ఎదుట’, ‘వైపు’ అను అర్థములు గల ఉపసర్గ. ఇచ్చట ఆ అర్థములు స్ఫుటముగా నిలువక, మొత్తము పదమునకు ‘కొంత పొడవైనది’ అను భావము మాత్రమే మిగిలినది. 15వ శతాబ్దిలో ఇది ఆంగ్లమున ప్రవేశించినది.

దీనికి మూలలను తెచ్చిపెట్టినది జ్యామితి. క్రీ.పూ. 300 ప్రాంతమున యూక్లిడు, కోణములన్నియు లంబకోణములై, భుజములన్నియు సమానములు కాని చతుర్భుజమును ‘హెటెరోమేకెస్’ అనెను. ‘వేరువేరు నిడివులు గలది’ అని దాని అర్థము. 1908లో థామస్ హీత్ తన ఆంగ్లానువాదమున ఈ గ్రీకుమాటకు ‘ఆబ్లాంగ్’ అనియే వ్రాసెను. ‘రెక్టాంగిల్’ అన్నచో చతురస్రమును అందు చేరును. ‘ఆబ్లాంగ్’ అన్నచో చేరదు.

ఈ విషయమున మన శాస్త్రకారులు మిక్కిలి జాగరూకులు. బౌధాయన శుల్బసూత్రము ‘దీర్ఘచతురశ్ర’ అని నిడివిని, మూలలను రెంటిని పేరుననే చెప్పినది. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, గణితసారసంగ్రహమును రచించిన మహావీరాచార్యుడు ఆయతచతురశ్రమునే గాక ‘ఆయతవృత్తము’ను గూడ పేర్కొనెను. పావులూరి మల్లన తెనిగించినది ఈ గ్రంథమునే. ‘ఆయతము’ అనగా చాచబడినది. చాచబడినది వృత్తమో చతురశ్రమో తరువాతి మాట తెలుపును. ‘ఆయతాక్షి’ కంటికి నాలుగు మూలలుండునని ఏ తెలుగువాడును ఊహింపడు గదా!

ఆంగ్ల వృక్షశాస్త్రమున ‘ఆబ్లాంగ్’ పత్రమనగా, వెడల్పుకంటె నిడివి హెచ్చై, అంచులు చాలవరకు సమాంతరముగా సాగునది. దాని కొన గుండ్రముగా ఉండవచ్చును. పాఠ్యగ్రంథమున దీనిని దీర్ఘచతురస్రాకార పత్రమని వ్రాసినచో, విద్యార్థి పలకవంటి ఆకుకొరకు చెట్టంతయు వెదుకవలసివచ్చును. పుస్తకముల విషయమున ఈ మాట ఎత్తుకంటె వెడల్పు హెచ్చైన ప్రతిని తెలుపును. మన తాటాకు గ్రంథములన్నియు ఆ లెక్కలోనివే.

మూలల ప్రసక్తి లేక నిడుపును మాత్రమే తెలుపు అచ్చతెనుగు మాట ‘కోల’. కోలమొగము అనుటలో గల భావము ‘ఆబ్లాంగుస్’ తొలి అర్థమునకు ఎంతయో దగ్గర. పరిభాషను కూర్చువారు జ్యామితిలో దీర్ఘచతురస్రమును నిలుపుకొని, కాయలను, గింజలను వర్ణించునపుడు ‘కోలనైనది’ అని వ్రాయవచ్చును. ఆకు విషయమున మాత్రము అంచుల సమాంతరతను విడిగా చెప్పవలసియుండును.