ఏడేళ్ల కట్టు తెంచిన మెలనీ

'గాన్ విత్ ద విండ్' చూసినవాళ్లకి మెలనీ గుర్తుండే ఉంటుంది. నోట్లో నాలుక లేని ఇల్లాలు. ఎవరేమన్నా చిరునవ్వే ఆమె సమాధానం. తన భర్త మీద మనసు పడ్డ స్కార్లెట్‌ని కూడా సొంత తోబుట్టువులా చూసుకునే వెర్రిబాగులది. ఆ పాత్ర వేసిన ఒలీవియా డి హావిలాండ్ బయట కూడా అంతేనని హాలీవుడ్ అనుకుంది. వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో చక్రం తిప్పే జాక్ వార్నర్ అయితే మరీ గట్టిగా అనుకున్నాడు.

1943లో ఆ మెత్తటి అమ్మాయే ఆయన స్టూడియోని కోర్టుకీడ్చింది!

అప్పటికి ఆమెకి 27 ఏళ్లు. ఓడితే మళ్లీ మేకప్ వేసుకునే అవకాశం ఉండదు. గెలిచినా పని దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆమెకన్నా పెద్ద తారలే ఆ పని చేసి చేతులు కాల్చుకున్నారు. అయినా వెనక్కి తగ్గలేదు. ఆ కేసులో వచ్చిన తీర్పుని కాలిఫోర్నియాలో ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు.

టోక్యోలో పుట్టి...

ఒలీవియా పుట్టింది అమెరికాలో కాదు, జపాన్‌లో. 1916 జులై 1న టోక్యోలో. తండ్రి వాల్టర్ ఇంగ్లిష్‌వాడు, అక్కడ పేటెంట్ లాయరు. తల్లి లిలియన్‌కి నాటకాలంటే ప్రాణం. షేక్‌స్పియర్ నాటకం 'ట్వెల్త్ నైట్'లోని పాత్ర పేరే కూతురికి పెట్టుకుంది. ఏడాది తిరిగాక చెల్లెలు జోన్ పుట్టింది. పిల్లలిద్దరూ అస్తమానం జబ్బుపడుతుండటంతో 1919లో తల్లి వాళ్లని తీసుకుని కాలిఫోర్నియా చేరింది. తండ్రి మాత్రం జపాన్‌కి తిరిగి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకి తల్లి జార్జ్ ఫాంటైన్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ మేనేజర్‌ని పెళ్లి చేసుకుంది.

ఈ మారుతండ్రి మహా కఠినుడు. ఆయనకి నాటకాలు గిట్టవు. బడిలో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నాటకంలో ఒలీవియాకి కథానాయిక వేషం వచ్చింది. విషయం ఇంట్లో తెలిసింది. నాటకం మానేస్తావా, ఇల్లు వదిలిపోతావా తేల్చుకోమన్నాడాయన. పదహారేళ్ల పిల్ల ఇల్లు వదిలింది! తెలిసినవాళ్లింట్లో ఉండి నాటకం ఆడింది. జాక్ వార్నర్‌కి ఈ కథ ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

1934లో జర్మన్ నాటక దిగ్గజం మాక్స్ రైన్‌హార్ట్ హాలీవుడ్ బౌల్‌లో 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' ప్రదర్శించాడు. అందులో హెర్మియా పాత్రధారి రాలేకపోతే వెయ్యడానికి సిద్ధంగా ఉంచినవాళ్లలో ఒలీవియా ఒకరు. ఆమెకన్నా ముందు వరుసలో మరొకరున్నారు. అదృష్టమంటే ఇదే... అసలు నటికీ కుదరలేదు, ఆ తర్వాతి ఆమెకీ కుదరలేదు. అలా ఒక్కసారిగా వేల మంది ఎదుట నిలబడింది. ఆ నాటకాన్నే వార్నర్ బ్రదర్స్ సినిమాగా తీసింది. దాంతోపాటే ఒలీవియాతో ఒప్పందం రాయించుకుంది. 1935లో వచ్చిన 'కెప్టెన్ బ్లడ్'తో ఎరాల్ ఫ్లిన్, ఆమె హిట్ జంట అయిపోయారు. ఇద్దరూ కలిసి మొత్తం ఎనిమిది సినిమాలు చేశారు. కత్తి తిప్పేది ఆయన, కోట కిటికీలోంచి కళ్లు పెద్దవి చేసుకుని చూసేది ఈమె. 'ద అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్‌హుడ్' చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ ఎన్నాళ్లని కిటికీలోంచి చూస్తుంది?

మెలనీ వేషం కూడా ఊరికే రాలేదు. నిర్మాత సెల్జ్‌నిక్ ఆమెనే కావాలనుకున్నా, తన నటిని ఇంకొకరికి ఇచ్చేది లేదన్నాడు జాక్ వార్నర్. ఒలీవియా గోల చెయ్యలేదు. వార్నర్ భార్య ఆన్‌ని టీకి ఆహ్వానించి, తన కోరిక చెప్పుకుంది. ఆవిడ ఇంట్లో ఏం మంత్రం వేసిందో గానీ, ఆయన ఒప్పుకున్నాడు. 1939లో సినిమా విడుదలైంది. ఉత్తమ సహాయ నటి ఆస్కార్‌కి ఒలీవియా పేరు వెళ్లింది. గెలిచింది మాత్రం అదే సినిమాలో మామీగా వేసిన హాటీ మెక్‌డానియల్... ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి కళాకారిణి ఆమె. అన్నట్టు, సినిమాలోని నలుగురు ముఖ్య పాత్రధారుల్లో కథ ప్రకారం చనిపోయేది మెలనీ ఒక్కతే. నిజజీవితంలో లెస్లీ హోవర్డ్ 1943లో, క్లార్క్ గేబుల్ 1960లో, వివియన్ లీ 1967లో వెళ్లిపోయారు. మెలనీ మాత్రం 104 ఏళ్లు బతికింది!

అంత పేరొచ్చాక మంచి పాత్రలు వస్తాయని ఎవరైనా అనుకుంటారు. వార్నర్ బ్రదర్స్ మళ్లీ పాత కిటికీ దగ్గరే నిలబెట్టింది.

జీతగత్తె

ఆ రోజుల్లో హాలీవుడ్ తారలంటే స్టూడియోలో వారం జీతానికి పనిచేసే ఉద్యోగులే. మన మద్రాసు స్టూడియోల్లోనూ ఒకప్పుడు నెలజీతం తారలుండేవారు కదా, అలాగే. కాకపోతే హాలీవుడ్ కాగితాల్లో మెలికలెక్కువ. ఒలీవియా 1936లో సంతకం చేసిన ఒప్పందం ఏడేళ్లది. ఏటేటా స్టూడియోకి ఇష్టమైతే పొడిగిస్తుంది, లేకపోతే పొమ్మంటుంది. నటికి మాత్రం మధ్యలో వెళ్లిపోయే వీలు లేదు. ఇచ్చిన పాత్ర చెయ్యనంటే 'సస్పెన్షన్'. ఆ కాలానికి జీతం రాదు, బయట ఎక్కడా పని చెయ్యకూడదు. అసలు పేచీ దాని తర్వాతే ఉంది. సస్పెన్షన్‌లో గడిచిన రోజులన్నిటినీ ఒప్పందం చివర కలిపేస్తారు. అంటే ఎన్నిసార్లు కాదంటే అన్ని రోజులు బందీ కాలం పెరుగుతూ పోతుంది.

నచ్చని కథలు తిప్పి పంపినందుకు ఒలీవియా చాలాసార్లు సస్పెండయింది. 1943 మేలో ఏడేళ్లూ పూర్తయ్యాయి. ఇక స్వేచ్ఛేనని అనుకుంటుండగా, ఇంకా సుమారు ఆరు నెలలు బాకీ ఉన్నావంది స్టూడియో.

ఆమె మార్టిన్ గాంగ్ అనే లాయరు దగ్గరికి వెళ్లింది. ఆయన కాలిఫోర్నియా కార్మిక చట్టాన్ని ముందు పెట్టాడు. ఎవరినీ ఒకే ఒప్పందం కింద ఏడేళ్లకి మించి బలవంతంగా పని చేయించుకోకూడదని అందులో ఉంది. ఏడేళ్లంటే ఏమిటన్నదే కేసు. నటి నిజంగా పనిచేసిన రోజులు కూడితే ఏడేళ్లు కావాలన్నది స్టూడియో వాదన. గోడ మీది క్యాలెండర్ లెక్క ప్రకారమే ఏడేళ్లన్నది గాంగ్ వాదన. వినడానికి చిన్న విషయమే. కానీ మొదటిది నెగ్గితే నటీనటుల జీవితం మొత్తం స్టూడియో చేతిలో ఉన్నట్టే.

సాటి తారలకి భయం ఉండదూ మరి! బెట్టీ డేవిస్ అంతటి నటి 1936లో ఇదే వార్నర్ బ్రదర్స్‌తో లండన్ కోర్టులో తలపడి ఓడిపోయింది. తలొంచుకుని తిరిగొచ్చి అదే స్టూడియోలో పనిచేసింది. ఇప్పుడు జాక్ వార్నర్ మిగతా స్టూడియోలన్నిటికీ ఈమెకి పనివ్వొద్దని కబురు పెట్టాడు. దాదాపు రెండేళ్లు ఒలీవియా కెమెరా ముందుకి రాలేదు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులవి. ఆమె ఊరికే కూర్చోకుండా సైనిక ఆస్పత్రులకి వెళ్లింది. అలాస్కా దగ్గరి అల్యూషన్ దీవుల్లో, దక్షిణ పసిఫిక్‌లో గాయపడ్డ సైనికుల మంచాల పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. ఫిజీలో న్యుమోనియా పట్టుకుని తనే ఆస్పత్రి పాలైంది.

1944 మార్చిలో కింది కోర్టు ఆమె వైపు తీర్పిచ్చింది. స్టూడియో అప్పీలుకెళ్లింది. డిసెంబరులో అక్కడా ఆమే గెలిచింది. ఏడేళ్లంటే క్యాలెండర్ ఏడేళ్లే! 1945 ఫిబ్రవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. అంతే, కథ ముగిసింది. లాయరు ఖర్చులకే ఆమె 13 వేల డాలర్లు పెట్టుకుంది. లాభం మాత్రం అందరికీ దక్కింది. ఆ తర్వాత ఏ స్టూడియో కూడా సస్పెన్షన్ రోజుల్ని ఏడేళ్ల పైన అతికించలేకపోయింది. హాలీవుడ్ ఒలీవియాకి ఎంతో రుణపడి ఉందని తర్వాతి కాలంలో ఒకరు అన్నారు. ఎవరో కాదు, ఆమెతో మాటల్లేని చెల్లెలు జోన్!

ఆ తర్వాతే అసలు నటి

బంధం తెగాక ఒలీవియా ఏం చేసిందో చూస్తే కోర్టు కెందుకెళ్లిందో అర్థమవుతుంది. 1946లో పారమౌంట్‌కి చేసిన 'టు ఈచ్ హిజ్ ఓన్'లో పెళ్లికాకుండానే తల్లై, బిడ్డని దూరం చేసుకున్న స్త్రీగా వేసింది. పడుచుపిల్ల నుంచి నడివయసు దాకా ఒక్క సినిమాలోనే మారిపోయింది. ఉత్తమ నటి ఆస్కార్ ఇంటికొచ్చింది. 1948లో 'ద స్నేక్ పిట్'. మానసిక చికిత్సాలయంలో మగ్గే రోగి పాత్ర. అందుకోసం నిజమైన ఆస్పత్రులకి వెళ్లి చికిత్సలు దగ్గరుండి చూసింది. ముఖానికి మెరుగులు లేకుండా, చెదిరిన జుట్టుతో ఒక తార అలా కనిపించడం అప్పట్లో సాహసమే.

వీటన్నిటికన్నా గొప్పది 1949 నాటి 'ది హెయిరెస్'. ఈ కథని న్యూయార్క్‌లో నాటకంగా చూసి, దర్శకుడు విలియం వైలర్‌కి ఫోన్ చేసి సినిమా తీయమని అడిగింది ఆమే. డబ్బున్న తండ్రి, అందం లేదని ఆయనే చులకన చేసే కూతురు, ఆస్తి కోసం ప్రేమ నటించే కుర్రాడు. ఆ రాత్రి లేచిపోదామని పెట్టె సర్దుకుని కూర్చుంటే అతను రాడు. తెల్లారాక ఆమె పెట్టె మోసుకుంటూ మెట్లెక్కాలి. ఎన్ని టేకులైనా వైలర్‌కి నచ్చలేదు. చివరికి ఖాళీ పెట్టెలో బరువులు నింపించాడు. అప్పుడు వచ్చింది ఆ నడక. చేతిలో బరువో, గుండెలో బరువో చూసేవాళ్లకి తెలియదు. రెండో ఆస్కార్ వచ్చిందంటే రాదా మరి!

చెల్లెలితో పంతం

జోన్ మారుతండ్రి ఇంటిపేరు పెట్టుకుని జోన్ ఫాంటైన్‌గా సినిమాల్లోకొచ్చింది. 1942లో ఉత్తమ నటి ఆస్కార్‌కి అక్కాచెల్లెళ్లిద్దరూ పోటీపడ్డారు. హిచ్‌కాక్ 'సస్పిషన్'కి చెల్లెలే గెలిచింది. ఒలీవియా 1946లో మార్కస్ గుడ్‌రిచ్ అనే రచయితని పెళ్లాడినప్పుడు, ఆయనకి నాలుగు పెళ్లిళ్లు, ఒకే పుస్తకమని, అదే తిరగేసి ఉంటే బాగుండేదని జోన్ అన్నట్టు పత్రికల్లో వచ్చింది. ఆ మరుసటి ఏడు ఆస్కార్ అందుకున్న అక్కని అభినందించడానికి చెల్లెలు చెయ్యి చాచింది. అక్క ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ ఫొటో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. 1975లో తల్లి పోయాక పూర్తిగా మాటలు ఆగిపోయాయి. 2013లో జోన్ 96వ ఏట కన్నుమూసేదాకా అంతే. నటనలో ఇద్దరూ ఉత్తమ నటి ఆస్కార్ గెలిచిన అక్కాచెల్లెళ్లు మాత్రం మళ్లీ రాలేదు.

1955లో ఒలీవియా 'పారిస్ మ్యాచ్' పత్రిక సంపాదకుడు పియేర్ గలాంత్‌ని పెళ్లి చేసుకుని పారిస్‌లో స్థిరపడింది. 1979లో విడిపోయినా, చివరి రోజుల్లో క్యాన్సర్‌తో ఉన్న ఆయనకి సేవ చేసింది ఆమే. 1965లో కాన్ చిత్రోత్సవ జ్యూరీకి అధ్యక్షత వహించిన తొలి మహిళ కూడా ఆమే.

తీర్పు విలువ 2008లో మళ్లీ బయటపడింది. 'థర్టీ సెకండ్స్ టు మార్స్' రాక్ బృందం తమ రికార్డింగ్ కంపెనీ నుంచి బయటికి రాబోతే, కంపెనీ 3 కోట్ల డాలర్లకి దావా వేసింది. ఆ బృందానికి చెందిన జారెడ్ లెటో ఏడేళ్ల చట్టాన్నే అడ్డం పెట్టుకున్నాడు. మరుసటి ఏడు రాజీ కుదిరింది. తర్వాత పారిస్ వెళ్లి ఒలీవియాని కలిశాడు.

పోరాటం అక్కడితో ఆగిందనుకుంటే పొరపాటే. 2017లో అమెరికాలో 'ఫ్యూడ్' అనే టీవీ సిరీస్ వచ్చింది. అందులో క్యాథరిన్ జీటా జోన్స్ వేసిన ఒలీవియా పాత్ర చెల్లెల్ని బూతుమాటతో తిడుతుంది. తన అనుమతి లేకుండా తనని వాచాలురాలిగా చూపించారంటూ 101వ పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు కేసు వేసింది! ఈసారి అప్పీలు కోర్టు భావప్రకటన స్వేచ్ఛ వైపు నిలబడింది. ఆమె అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 జనవరిలో అక్కడా తలుపు మూసుకుంది. 2020 జులై 26న పారిస్‌లోని తన ఇంట్లో నిద్రలోనే ఆమె కన్నుమూసింది.