ఏది ముందు? ఏది వెనుక?

ఆమ్లాన్ని పలుచన చేయవలసి వచ్చినప్పుడు ముందు నీరు, ఆ తరువాతనే ఆమ్లం. ఈ వరుస తప్పితే పాత్రలోని ద్రవం ఉడికి మీదకు చిందుతుంది. పోపులో ఆవాలు చిటపటలాడిన తరువాతనే కరివేపాకు పడాలి. పదార్థాలు అవే అయినా వరుస మారితే ఫలితం మారుతుంది. కంప్యూటరు ప్రోగ్రాములలోనూ ఇటువంటి ముందువెనుకల నియమం ఒకటున్నది.

1982లో కువైట్‌లో మొహమ్మద్ అల్ షారెఖ్ స్థాపించిన అల్ ఆలమియా సంస్థ ‘సఖర్’ పేరుతో అరబీ కంప్యూటర్లను గల్ఫ్ ఇళ్లకు పరిచయం చేసింది. అరబీ లిపి కుడి నుండి ఎడమకు సాగుతుంది; మన తెలుగు ఎడమ నుండి కుడికి. అయితే సి, సి++ భాషల ప్రోగ్రాములకు కంపైలరు దృష్టిలో ముఖ్యమైన దిశ ఒక్కటే: పైనుండి క్రిందికి. ఒక పేరు వాడేసరికి అది ఏమిటో పైన చెప్పి ఉండాలి.

హెడరు అంటే ఏమిటి?

ఇటువంటి పరిచయ వాక్యాలను విడిగా ఉంచే ఫైలునే హెడరు అంటారు. బెల్ లాబరేటరీస్‌లో డెనిస్ రిచీ సి భాషను రూపొందించిన తొలినాళ్లలో, 1972-73 ప్రాంతంలో, ‘ఇన్‌క్లూడ్’ అనే ఆదేశం దానికి చేరింది. అది చేసే పని చాలా మోటైనది: హెడరులోని పాఠాన్ని యథాతథంగా తెచ్చి ఆ చోట అతికిస్తుంది. కనుక ముందు వచ్చిన హెడరులోని మాటలన్నీ తరువాతి హెడరుకూ వినిపిస్తాయి. చిక్కంతా ఇక్కడే.

ఒక ఉద్యోగి తేదీలకు సంబంధించిన హెడరు వ్రాశాడనుకుందాం. అందులో ‘స్ట్రింగ్’ను వాడి, దాని హెడరును చేర్చడం మరచాడు. అతని ఫైలులో ‘స్ట్రింగ్’ హెడరు ముందే ఉన్నందున లోపం బయటపడలేదు. కొన్నేళ్లకు ఒప్పందం ముగిసి అతడు స్వదేశానికి వెళ్లిపోయాడు. అతని స్థానంలో వచ్చినవాడు తన కొత్త ఫైలులో ఆ హెడరునే మొదట చేర్చాడు. తప్పు చేసినది ఒకరు. తెరనిండా దోషాల జాబితా చూచినది మరొకరు!

విరుగుడు

జాన్ లేకోస్ 1996లో వెలువరించిన గ్రంథంలో సులువైన ఉపాయం సూచించాడు: ప్రతి ఫైలూ మొట్టమొదట తన సొంత హెడరునే చేర్చుకోవాలి. అప్పుడు పైన ఆసరా ఏదీ ఉండదు కనుక, కొరత ఉంటే వ్రాసినవాని కంటనే, ఆనాడే పడుతుంది.

ఆ తరువాతి వరుసపై ఏకాభిప్రాయం లేదు. గూగుల్ నియమావళి ముందు వ్యవస్థా హెడర్లను, పిదప ఇతర లైబ్రరీల హెడర్లను, చివర సొంత ప్రాజెక్టు హెడర్లను ఉంచమంటుంది. ఎల్ఎల్‌విఎం వారు ఇందుకు విరుద్ధంగా వ్యవస్థా హెడర్లను చివరకు నెడతారు. అలా చేస్తే ప్రాజెక్టు హెడర్లలోని కొరతను అవి కప్పిపుచ్చవు. ఒక్కో వర్గంలో అక్షరక్రమం పాటించడం ఇరువురికీ ఆచారమే.

అక్షరక్రమమూ అన్నివేళలా చెల్లదు. ‘విన్‌సాక్2’ హెడరు ‘విండోస్’ హెడరుకు ముందు రావాలి. లేకుంటే రెండవది పాత విన్‌సాక్‌ను వెంటబెట్టుకొని వచ్చి, ఒకే పేరుకు రెండు నిర్వచనాలు ఏర్పడతాయి. ఆంగ్ల అక్షరక్రమంలోనైతే ‘విండోస్’ ముందు! యంత్రంతో వరుస సరిచేయించేవారు ఈ రెండింటి నడుమ ఖాళీ పంక్తి విడిచి, కారణం వ్రాసి ఉంచడం మేలు.

2020 నాటి సి++ ప్రమాణం ‘మాడ్యూల్స్’ను ప్రవేశపెట్టి ఈ బాధను చాలావరకు తగ్గించే దారి చూపింది. అయినా దశాబ్దాలుగా పేరుకొన్న హెడర్లు ఒక్కనాడు పోవు.

ఈ వరుస అందం కోసం కాదు. పొరుగింటి దీపపు వెలుగులో కాక, ప్రతి ఫైలూ తన దీపంతోనే నిలవడం కోసం. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే, తాము వ్రాసిన హెడరును మొట్టమొదటి పంక్తిలో చేర్చి చూడమనండి. లోపం ఉంటే కంపైలరే చెబుతుంది.