దాచిన మచ్చ

నొప్పి లేని మచ్చను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కుష్ఠు వ్యాధిలో చిక్కంతా అక్కడే ఉంది.

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మొదలైన కుష్ఠు ఆసుపత్రి గురించి మీలో కొందరు వినే ఉంటారు. మెథడిస్టు మిషనరీలైన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దాన్ని నెలకొల్పారు. 1920లలో అక్కడ హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. ఆ సూది చాలా నొప్పి. నెలల తరబడి వేయించుకోవాలి. ముదరని రోగులకు కొంత మేలు కనిపించేది, ముదిరాక అంతగా పనిచేసేది కాదు. కాబట్టి రోగి తొందరగా రావాలి. కాని ఊరు వెలేస్తుందన్న భయంతో జనం మచ్చను దాచేవారు.

ఆ రోజుల్లోనే కలకత్తాలో పనిచేసిన డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఒక పద్ధతి చెప్పారు: ప్రచారం, చికిత్స, సర్వే. ఈ వరుసలోనే తెలివి ఉందని నాకనిపిస్తుంది. ముందే కాగితం, కలం పట్టుకొని రోగుల్ని లెక్కపెట్టడానికి వెళితే తలుపులు మూసుకుంటాయి. పొరుగువానికి మేలవడం చూసినవాడు తనంతట తానే వస్తాడు.

ఇప్పుడు ఆ నూనె సూదులు లేవు. 1982 నాటికి వచ్చిన బహుళ ఔషధ చికిత్స మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. వ్యాధి రకాన్ని బట్టి ఆరు లేక పన్నెండు నెలలు వాడాలి. మాత్రలు మొదలైన కొద్ది రోజులకే వ్యాధి ఇతరులకు అంటదు. అయితే స్పర్శ పోయిన చేతికి వేడి గిన్నె కాలినా తెలియదు. అలా పుండ్లుపడి పోయిన వేళ్లను ఏ మాత్రా తిరిగి తేలేదు. మీ ఒంటిపై పాలిపోయిన లేక ఎర్రని మచ్చ ఉంటే, కళ్లు మూసుకొని దూదితో తాకించుకోండి. తెలియకపోతే ఈ వారమే డాక్టరుకు చూపించండి.