ఎడము తప్పిన వరుస

సందెచీకటిలో అడవి అంచున ఆవు మెడగంట మ్రోగినంతనే కాపరి తల ఆ దిక్కునకు తిరుగును. ఆవు అతని కంటికి కానరాదు. అయినను గంటధ్వని ఒక చెవికి ముందుగను, రెండవ చెవికి లవలేశము వెనుకగను చేరును. చెవుల నడుమ ఎడము జానెడైనను లేదు. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పరుగిడును. కావున ఆ వెనుకబాటు సెకనులో వేయవ వంతునకు లోబడియే యుండును. మెదడు అంతమాత్రముననే దిక్కును పసిగట్టుచున్నది.

ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగముల దిక్కును కనుగొనుటకు శాస్త్రజ్ఞులు ఈ ఉపాయమునే అవలంబింతురు. చెవులకు బదులు ఆంటెనాలను నిలుపుదురు. ఎడము పెరిగినకొలది దిక్కు సూక్ష్మముగ తెలియును. కాని అందొక చిక్కు కలదు. తరంగములు సముద్రపు అలలవలె ఒకదాని వెంట నొకటి వచ్చును. అన్నిటికిని ఒకటే రూపు. ఎడము తరంగపు పొడవును మించినచో, రెండవ ఆంటెనాను తాకిన అల మొదటిదానిని తాకిన అలయో, దాని ముందుదో, వెనుకదో తెలియదు. అప్పుడా జంట పెక్కు దిక్కులను చూపును. అందు నిజమైనది ఒక్కటే. ఆంటెనాలన్నిటిని అదే ఎడముతో బారులు తీర్చినను ఫలము లేదు. ఒకే మాటను వల్లించు నలుగురు సాక్షులు ఒక్క సాక్షితో సమానమే కదా!

ఆస్ట్రేలియాలోని సిడ్నీ చెంత, పాట్స్ హిల్ జలాశయపు గట్టుపై, 1950 దశకపు ఆరంభమున క్రిస్టియన్సన్ అను శాస్త్రజ్ఞుడు 32 చిన్న పళ్లెపు ఆంటెనాలను 7 మీటర్ల ఎడముతో ఒకే వరుసన నిలిపెను. 21 సెంటీమీటర్ల తరంగమునకు ఆ వరుస ఇంచుమించు 1.7 డిగ్రీలకొకటి చొప్పున పెక్కు దిక్కులను ఒక్కసారిగ చూచెడిది. సూర్యబింబపు వెడల్పు అర డిగ్రీయే గనుక ఒకమారు ఒక్క చూపే సూర్యునిపై పడెడిది, పని నెరవేరెను. ఆకాశమంతట వెదజల్లినట్లున్న దూరపు నక్షత్ర కూటముల విషయమున ఆ వెసులుబాటు లేదు. 1953లో అచటికి శిక్షణకై వెళ్లిన భారతీయ యువకులలో గోవింద్ స్వరూప్ ఒకరు. ఆ పళ్లెములే పిమ్మట మన దేశమునకు కానుకగ వచ్చి, 1965లో ముంబయి సమీపమున కల్యాణ్‌లో నెలకొన్నవి.

చిక్కును విడదీయు మార్గమును నేలపై కర్రలతోనే చూడవచ్చును. గీతపై అడుగునకొక గుర్తు చొప్పున 0 మొదలు 6 వరకు పెట్టి, 0, 1, 2, 3 గుర్తులకడ నాలుగు కర్రలు పాతుడు. జంటలు ఆరు; దూరములు మాత్రము మూడే. ఒక అడుగు మూడుమారులు, రెండడుగులు రెండుమారులు వచ్చి, తక్కిన శ్రమ వ్యర్థమగును. ఇక కర్రలను 0, 1, 4, 6 గుర్తులకు మార్చుడు. ఒకటి మొదలు ఆరు వరకు ప్రతి దూరమును ఒక్కొక్కమారు లభించును! సమానమైన ఎడములతో అంతదూరము పోవుటకు ఏడు కర్రలు కావలెను. (ఐదు కర్రలతో ఇంతటి చక్కని పొందిక ఏ విధముగను కుదరదని గణితజ్ఞులు నిరూపించిరి.) దగ్గరి జంట దిక్కును మోటుగ చెప్పినను సందేహమునకు తావీయదు. దూరపు జంట సూక్ష్మముగ చెప్పును గాని పలుదిక్కులు చూపును. నడిమి దూరములు తప్పుదిక్కులను ఏరివేయును.

మహారాష్ట్రమున పుణెకు ఉత్తరముగ సుమారు 80 కిలోమీటర్ల దూరమున, నారాయణగాఁవ్ చెంత ఖోడద్ గ్రామమున్నది. 1990 దశకమున టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారు గోవింద్ స్వరూప్ నాయకత్వమున అచట జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపును నిర్మించిరి. ఆంటెనాలు 30, ఒక్కొక్క పళ్లెపు వ్యాసము 45 మీటర్లు. రేకులు పరచినచో అంతటి పళ్లెము గాలికి నిలుచుటకు మిక్కిలి బరువైన కట్టడము కావలసివచ్చును, దానితో వ్యయమును పెరుగును. కావున ఉక్కుత్రాళ్లపై సన్నని తీగవలను బిగించిరి. గాలి అందుగుండ దూరిపోవును. ఆంటెనాలలో 14 ఒక చదరపు కిలోమీటరు చోట చెదరగొట్టినట్లుండును. తక్కిన 16 మూడు శాఖలుగ సుమారు 25 కిలోమీటర్ల మేర సాగినవి. త్రాడు పట్టి నాటిన కొబ్బరితోటను ఎరిగినవారికి ఇది పనివాని పొరపాటుగ తోచవచ్చును. కాని ముప్పది ఆంటెనాలనుండి 435 జంటలేర్పడును, దూరములును పెక్కు విధములు. భూమి తిరుగుచుండ ఆకాశమునుండి చూచినచో ఆ దూరములును మారుచుండును. దానికి పైకము అక్కరలేదు.

కాని లెక్క యందు మూల్యము చెల్లింపక తప్పదు. సమానమైన ఎడములకు గణన సులువు. ఇచట ప్రతి ఆంటెనా స్థానమును ఖచ్చితముగ కొలువవలెను, ప్రతి జంట సంకేతములను పోల్చవలెను. రేడియో తరంగము కిలోమీటరును దాటుటకు సెకనులో మూడు లక్షలవ వంతు చాలును గనుక గడియారములును అంతకంటె ఎంతయో సూక్ష్మమైనవి కావలెను.

దాదాపు 880 కోట్ల సంవత్సరముల క్రిందట ఒక గెలాక్సీ లోని హైడ్రోజన్ వాయువునుండి బయలుదేరిన తరంగములను ఈ టెలిస్కోపు పట్టుకొన్నదని 2023 జనవరిలో ప్రకటించిరి. నడుమనున్న మరియొక గెలాక్సీ ఆకర్షణ భూతద్దమువలె తోడ్పడినది. బయలుదేరునప్పుడు 21 సెంటీమీటర్లున్న తరంగము ఖోడద్ చేరునప్పటికి 48 సెంటీమీటర్లకు సాగియున్నది.