సీసాకు పది రూపాయలు: బందరు నుంచి దివిసీమ దాకా మద్యం ధరల లెక్క

మద్యం సీసా మీద అచ్చయిన ధర బందరు (మచిలీపట్నం) కోనేరు సెంటర్లో ఎంతో గుడివాడలోనూ అంతే, నాగాయలంకలోనూ అంతే. బియ్యం బస్తా కొన్నా, చీర కొన్నా నాలుగు కొట్లు తిరిగితే ఎంతో కొంత కలిసొస్తుంది. వైన్ షాపులు ఎన్ని తిరిగినా కలిసొచ్చేది ఏమీ ఉండదు. పోగొట్టుకునేది మాత్రం షాపును బట్టి మారుతుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో, ఎవరి జేబులోకి వెళ్తుందో అంకెల్లో చూద్దాం.

ధర తగ్గిస్తామనే హామీ

మద్యం కొట్లు ధర మీద పోటీపడే చోట్లూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఉంటున్న తెలుగువాళ్లకు డాన్ మర్ఫీస్ మద్యం దుకాణాలు తెలిసే ఉంటాయి. అదే సీసా ఇంకో కొట్టులో తక్కువకు దొరుకుతోందని చూపిస్తే, తాము అంతకంటే తగ్గించి ఇస్తామన్నది ఆ సంస్థ పేరుమోసిన హామీ. కొనేవాడికి ఇది లాభంగానే కనిపిస్తుంది. అయితే ఇలాంటి హామీలకు ఇంకో ముఖం కూడా ఉందని స్టీవెన్ సాలప్ అనే ఆర్థికవేత్త 1986లోనే వివరించారు. తాను ధర తగ్గించిన మరుక్షణం పెద్ద కొట్టువాడూ తగ్గిస్తాడని తెలిస్తే చిన్న కొట్టువాడికి తగ్గించి ప్రయోజనం ఉండదు. గిరాకీ అతనివైపు మళ్లదు కదా. అలా ఎవరూ తగ్గించకపోతే ధరలు పైనే నిలబడిపోతాయి.

స్వీడన్‌ది పూర్తిగా వేరే దారి. అక్కడ వైన్, విస్కీలను ఇంటికి తీసుకెళ్లేందుకు అమ్మేది 1955లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ సిస్టెంబొలాగెట్. దేశమంతా ఒకే ధర, డిస్కౌంట్లు ఉండవు.

మన దేశంలో ధరల పోటీని కళ్లారా చూసింది ఢిల్లీ. 2021 నవంబరులో అక్కడ మద్యం అమ్మకాలను ప్రైవేటుకు ఇచ్చి, ఎమ్మార్పీ కంటే తగ్గించుకునే వీలు కల్పించారు. ఒకటి కొంటే ఒకటి ఉచితమనే దాకా పోటీ ముదిరింది, షాపుల ముందు బారులు తీరారు. 2022 ఫిబ్రవరి చివర డిస్కౌంట్లు ఆపేశారు. ఏప్రిల్లో 25 శాతం దాకా తిరిగి అనుమతించారు. సెప్టెంబరు 1 నాటికి ఆ విధానమే రద్దయి, అమ్మకాలు మళ్లీ ప్రభుత్వ సంస్థల చేతికి వెళ్లాయి.

మన దగ్గర ధర ఎవరిది?

మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు. పన్ను వేసే అధికారం రాష్ట్రానిదే. 1986లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ బెవరేజెస్ కార్పొరేషనే కంపెనీల దగ్గర సరుకు కొని, డిపోల ద్వారా షాపులకు పంపుతుంది. కంపెనీకి ఇచ్చే మూల ధర మీద ఎక్సైజ్ సుంకం, వ్యాట్, సెస్సులు, షాపువాడి మార్జిన్ వరసగా చేరి ఎమ్మార్పీ తయారవుతుంది. షాపు యజమాని సరుకును ఎంతకు కొనాలో, ఎంతకు అమ్మాలో రెండూ పైనుంచే వస్తాయి. ఇక బేరానికి చోటెక్కడ?

ప్రభుత్వం చేయి ఎంత బలమైనదో 2020 మేలో తెలిసింది. 4వ తేదీన 25 శాతం, మరునాడు ఇంకో 50 శాతం ధరలు పెంచారు. 2019 అక్టోబరు 1 నుంచి అప్పటికే షాపులను ప్రభుత్వమే నడుపుతూ వచ్చింది. కొనేవాళ్లకు ధరతో పాటు బ్రాండునూ ఎంచుకునే వీల్లేకపోయింది.

2024 అక్టోబరు 16 నుంచి షాపులు మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వచ్చాయి. క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్ల సీసా, 99 రూపాయలకే దొరికే మద్యాన్ని తెచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఆ మద్యం, బీరు మినహా మిగతా సీసాల ధర పది రూపాయల చొప్పున పెరిగింది. షాపుల మార్జిన్‌నూ 14 శాతం చేశారు.

పోటీ కౌంటర్ దగ్గర కాదు, లాటరీ దగ్గర

2024లో రాష్ట్రంలోని 3,396 షాపులకు 89,882 దరఖాస్తులు పడ్డాయి. దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. గుణిస్తే 1,797 కోట్ల 64 లక్షలు. సగటున ఒక్కో షాపుకు 26 మందికి పైగా పోటీపడ్డారు, ఒక్కో షాపు పేరిట ఖజానాకు దాదాపు 53 లక్షలు ముందే చేరాయి.

లాటరీలో గెలిచినవాళ్లు ఆ పైన ఏటా లైసెన్సు ఫీజు కట్టాలి. జనాభాను బట్టి తొలి ఏడాది అది 50, 55, 65, 85 లక్షల చొప్పున నాలుగు శ్లాబులు. మచిలీపట్నం, గుడివాడ రెండూ 2011 జనాభా లెక్కల్లోనే లక్ష దాటాయి. 50 వేల నుంచి 5 లక్షల జనాభా ఉన్న ఊళ్లకు 65 లక్షలు.

ఆ 65 లక్షలను 365 రోజులకు పంచితే రోజుకు దాదాపు 17,800. 14 శాతం మార్జిన్ మీద ఫీజు ఒక్కటే రాబట్టుకోవాలన్నా రోజుకు సుమారు లక్షా 27 వేల అమ్మకం ఉండాలి. షాపు అద్దె, జీతాలు, కరెంటు, అప్పు తెచ్చిన డబ్బుకు వడ్డీ వేరే. ఇంత బరువు మోసేవాడు పక్క షాపుకంటే రూపాయి తగ్గిస్తాడని ఆశించలేం. పెంచి అమ్మాలనే ఒత్తిడి మాత్రం మొదటి రోజు నుంచే ఉంటుంది.

ఈ ఒత్తిడి కొత్తదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వేలంపాటల కాలాన లైసెన్సు కోసం కోట్లు పోసి, వ్యాపారులు సిండికేట్లుగా కలిసి ఎమ్మార్పీకి పైన అమ్మి రాబట్టుకునేవారు. 2011 చివర ఏసీబీ దాడులతో ఆ బాగోతం బయటపడింది. 2012లో వేలం తీసేసి లాటరీ పెట్టారు. పెట్టుబడి భారం మాత్రం రూపం మార్చుకుని అలాగే ఉంది.

పది రూపాయలు ఎంతవుతాయి?

రోజుకు వెయ్యి సీసాలు అమ్మే షాపు ఒకటి ఉందనుకుందాం. సీసాకు పది ఎక్కువ తీసుకుంటే రోజుకు పదివేలు, ఏడాదికి 36 లక్షల 50 వేలు. 65 లక్షల లైసెన్సు ఫీజులో సగం పైన అక్కడే వచ్చేస్తుంది. చిల్లర లేదనో, బీరుకు కూలింగ్ చార్జీ అనో అడిగేది ఈ పదే.

ఎమ్మార్పీ దాటి అమ్మితే తొలిసారి 5 లక్షల జరిమానా, మళ్లీ దొరికితే లైసెన్సు రద్దు అని 2024లో ప్రభుత్వం ప్రకటించింది. వినడానికి గట్టి శిక్షే. అదే షాపు లెక్కలో 5 లక్షలంటే 50 వేల సీసాల మీద పది రూపాయలు, అంటే 50 రోజుల వసూలు. 51వ రోజు దాకా ఎవరూ ఫిర్యాదు చేయకపోతే జరిమానా కట్టినా నష్టం లేదు. కాబట్టి శిక్ష పనిచేయాలంటే ఫిర్యాదు త్వరగా వెళ్లాలి.

కొనేవాడివైపు నుంచి చూస్తే వెయ్యి రూపాయల సీసా మీద పది అంటే 1 శాతం. 99 రూపాయల క్వార్టర్ మీద అదే పది అంటే 10 శాతానికి పైనే. రోజూ ఒక క్వార్టర్ కొనే కూలీకి ఏడాదికి 3,650 రూపాయలు అదనంగా పోతాయి. ఎంత చవక మద్యం కొంటే దోపిడీ శాతం అంత పెద్దది.

దివిసీమలో దూరానికీ ధర ఉంది

లైసెన్సు షాపు ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకానే. అవనిగడ్డ, చల్లపల్లి లాంటి సెంటర్లలో షాపు పక్కనే ఉంటుంది. కృష్ణ పాయల మధ్య, సముద్రపు అంచున ఉన్న ఊళ్లలో అలా కాదు. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవికి ఏటిమొగ దగ్గర పంటు ఎక్కి ఏరు దాటాలి. ఇలాంటి దూరాలే లైసెన్సు లేకుండా నడిచే బెల్టు షాపుకు పెట్టుబడి. షాపులో ఎమ్మార్పీకి తెచ్చిన సీసా మీద ఇరవై వేసుకుంటే 99 రూపాయల సరుకు 119 అవుతుంది. రోజుకు ఒకటి చొప్పున ఏడాదికి 7,300 అదనం. బెల్టు షాపు చట్టవిరుద్ధం. దానికి సరుకిచ్చిన లైసెన్సుదారుకూ అవే 5 లక్షల జరిమానా.

అంతకంటే పెద్ద ప్రమాదం నకిలీది. 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. దాని లింకులు విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం దాకా వచ్చాయి. ఆ తర్వాతే సీసా మీది క్యూఆర్ కోడును ఫోనుతో పరీక్షించుకునే ఎక్సైజ్ సురక్షా యాప్ వచ్చింది. ఊళ్లో ఎవరైనా ఎమ్మార్పీకి తక్కువకు సీసా ఇస్తానంటే సంతోషించకండి, అనుమానించండి.

సరిహద్దు దాటితే మిగిలేదెంత?

పుదుచ్చేరి కిందికి వచ్చే యానాంలో పన్ను తక్కువ, మద్యం చవక. మచిలీపట్నం నుంచి రానుపోను దాదాపు 300 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బైకు మీద 6 లీటర్ల పెట్రోలు. లీటరు 110 అనుకుంటే 660 రూపాయలు. మూడు సీసాలు తెచ్చుకుంటే సీసాకు 220 రూపాయలు పెట్రోలుకే పోయాయి. రోజు కూలీ లెక్కేయలేదు. పైగా 2020 అక్టోబరులోనే పక్క రాష్ట్రాల మద్యం తేవాలంటే పర్మిట్ ఉండాలని నిబంధన బిగించారు. పట్టుబడితే సీసాలతో పాటు బండీ పోతుంది, కేసూ తగులుకుంటుంది.

కొనేవాళ్లు చేయగలిగింది

సీసా తిప్పి ఎమ్మార్పీ చదవండి, ఆ అంకెకు మించి పైసా ఇవ్వకండి. ఎమ్మార్పీ దాటి అమ్మకూడదన్నది 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లోనూ ఉంది. బిల్లు అడగండి. ఫోన్‌పేలోనో, గూగుల్‌పేలోనో కడితే ఎంత తీసుకున్నారో తేదీ, సమయంతో సహా రుజువు మిగులుతుంది.

సైజులు పోల్చుకోండి. నాలుగు క్వార్టర్లు కలిపితే 720 మిల్లీలీటర్లే, ఫుల్ బాటిల్ 750. 99 రూపాయల క్వార్టర్‌లో మిల్లీలీటరు 55 పైసలు. అదే బ్రాండు ఫుల్ 412 రూపాయల లోపు ఉంటే ఫుల్లే చవక. అయితే ఫుల్ కొన్నవాడు ఆ రాత్రే ఖాళీ చేస్తే ఈ ఆదా ఆదా కాదు.

ఎక్కువ తీసుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, ఎక్సైజ్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. మచిలీపట్నంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువ ఉన్న ఫిర్యాదుకు అక్కడ ఫీజు లేదు, వకీలు లేకుండానే వాదించుకోవచ్చు.

వైన్ షాపువాడు ధర తగ్గిస్తాడని ఎదురుచూడటం దండగ. ఈ వ్యాపారంలో ఎవరికీ తగ్గించే అవసరం లేదు, అవకాశమూ లేదు. అచ్చయిన ధరకే అమ్మించుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. పదే కదా అని వదిలేసిన ప్రతివాడూ ఆ షాపుకు 51వ రోజును దగ్గర చేస్తున్నాడు. వదలకండి, బిల్లు అడగండి.