చేప నోరు తెరవకముందే గట్టెక్కాలి
చెరువు నీటి రంగు, తేటదనం ఏం చెబుతాయి?

కైకలూరు: వరి రైతుకు ముసురు వరం. కొల్లేటి చుట్టుపక్కల చేపల రైతుకు మాత్రం అది గండం. మూడు రోజులు మబ్బు పట్టి గాలి స్తంభించిందంటే కైకలూరు, మండవల్లి, ఆకివీడు ప్రాంతాల్లో గట్లమీద లాంతర్లు, టార్చిలైట్లు తిరుగుతూనే ఉంటాయి. సాయంత్రం తవుడు సంచుల దగ్గర ఎగబడిన చేప తెల్లారేసరికి తెల్లగా తేలిపోవడం ఇక్కడివారికి కొత్త కాదు. ముందే కౌలు కట్టి, తవుడు, చెక్క అరువు తెచ్చి మేపిన రైతుకు ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

ఇలాంటప్పుడు మొదటి అనుమానం పక్కవాడి మీద పడుతుంది. ఎవరో మందు కలిపారంటారు. మాటా మాటా పెరిగి తగవు పెద్దమనుషుల దాకా వెళుతుంది. నిజంగా మందు కలిపిన సందర్భాలు లేకపోలేదు గాని, చాలాసార్లు చేపను చంపేది ఊపిరాడకపోవడమే. దాన్ని గుర్తించడం పెద్ద విద్యేమీ కాదు. ప్రాణవాయువు చాలకపోతే పెద్ద చేపలు ముందు చస్తాయి, అదీ తెల్లవారుజామున. చెరువులో చేరిన కొరమీను పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కనుక బతికిపోతుంది. కొరమీను, చేపపిల్ల, పురుగు అన్నీ ఒకేసారి చస్తే అప్పుడు వేరే కారణం వెతకాలి.

చెరువు నీటి పచ్చదనం కూడా ఒక పైరే. కంటికి విడిగా కనిపించని సన్నని మొక్కలు అవి. పగలు ఎండలో అవి ప్రాణవాయువును విడుస్తాయి. రాత్రి అవే మొక్కలు, చేపలు, అడుగున కుళ్లుతున్న మేత అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందుకే తెల్లవారేముందు నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువ. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేప హాయిగా తిరుగుతుంది. 3కు దిగితే మేత మానేస్తుంది, ఇంకా దిగితే నోరు తెరిచి పైకి వస్తుంది. మబ్బు రోజుల్లో పగటి సంపాదన లేదు, రాత్రి ఖర్చు మాత్రం ఆగదు. నీరు ఎంత చిక్కగా పచ్చబడితే ఆ ఖర్చు అంత ఎక్కువ.

చిక్కదనం కొలవడానికి చేయి చాలు. ఉదయం బాగా పొద్దెక్కాక మోచేతి దాకా నీటిలో ముంచి అరచేయి చూడాలి. అరచేయి మసకగా కనిపించీ కనిపించనట్లుంటే మేలు. మణికట్టు మునగగానే కనిపించకపోతే పచ్చదనం ముదిరింది. స్పష్టంగా కనిపిస్తే నీటిలో తిండి లేదు, పైగా ఎండ అడుగుదాకా దిగి నాచు పెరుగుతుంది. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే తెలుపు, నలుపు రంగులు వేసిన జానెడు రేకు బిళ్లకు తాడు కట్టి దించవచ్చు. 1865లో ఇటలీ దేశపు మతగురువు ఆంజెలో సెక్కి సముద్రం తేటదనం కొలవడానికి వాడిన పళ్లెమే దీనికి మూలం. బిళ్ల 20 నుంచి 40 సెంటీమీటర్ల లోతున కనుమరుగైతే సరి. 20 లోపే మాయమైతే ఎరువు, మేత తగ్గించాలి.

రంగు మారడం ఇంకో కబురు. లేత ఆకుపచ్చ మంచిది. గాలివాటున ఒక మూలకు పచ్చటి మీగడలా తెట్టు చేరితే జాగ్రత్తపడాలి. నిన్నటిదాకా పచ్చగా ఉన్న నీరు ఒక్కసారిగా విరిగి గోధుమ రంగుకు తిరిగితే ఆ సన్నని మొక్కలు చచ్చాయన్నమాట. అవి కుళ్లేటప్పుడు మిగిలిన ప్రాణవాయువునూ లాగేస్తాయి. ఆ రాత్రి గట్టు వదలకూడదు.

పీహెచ్ చూసేవారు ఒక్కపూట చూసి ఊరుకుంటున్నారు. అది తెల్లవారుజామున తక్కువగా, మధ్యాహ్నం ఎక్కువగా ఉంటుంది. రెండు పూటలా చూస్తేనే లెక్క. 7.5 నుంచి 8.5 మధ్య ఉంటే దిగులు లేదు. సాయంత్రం 9 దాటే చెరువులో అమ్మోనియా విషమై కూర్చుంటుంది. అలాంటి నీటిలో అలవాటుగా సున్నం చల్లితే పీహెచ్ ఇంకా పెరిగి కీడే జరుగుతుంది. దుకాణంలో చెప్పిన డబ్బా తెచ్చి పోసేముందు నీరు పరీక్ష చేయించుకుంటే ఖర్చు తక్కువ.

చేప పైకి లేచినప్పుడు చేయాల్సింది ఒకటే: నీటిని కదిలించడం. ఏరేటరు లేనిచోట ఇంజనుతో చెరువు నీళ్లనే తోడి ఎత్తునుంచి చిమ్మినా ప్రాణం నిలుస్తుంది. కొత్త నీరు పెట్టే తొందరలో మురుగు కాలువ తూము ఎత్తేవారున్నారు. వరిచేలల్లో పురుగుమందు కొట్టే రోజుల్లో ఇది ప్రమాదం. ముందే ఆ నీటిని తొట్టిలో పట్టి నాలుగు చేపపిల్లలను వదిలి చూసుకోవాలి.

మబ్బు ఉన్నన్నాళ్లూ పేడ, ఎరువు వేయకూడదు, సంచులు కట్టకూడదు. చేప చిక్కిపోతుందని బెంగపడనక్కరలేదు, రెండు రోజులు పస్తుంటే చేప చావదు. ఎండ కాసి, తెల్లవారుజామున చేప పైకి రావడం మానేశాకే మళ్లీ సంచులు కట్టాలి. అదీ మొదట సగం మేతతోనే.